గ్రావిటీ చక్రం కట్టి చూశాను, ఆగిపోయింది!

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నాను. ఒక తమ్ముడు ఇలా రాశాడు: "అన్నా, మా బాబాయికి పిండి మిల్లు ఉంది. కరెంటు బిల్లు కట్టలేక ఇబ్బంది పడుతున్నాడు. ఒకాయన గ్రావిటీతో నడిచే జనరేటర్ ఇస్తానని 80 వేలు అడ్వాన్స్ అడుగుతున్నాడు. వీడియో చూపించాడు, చక్రం నిజంగానే తిరుగుతోంది. ఇమ్మంటావా?"

"ఫిజిక్స్ ఒప్పుకోదు తమ్ముడూ" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ బాబాయి గారు కళ్ళతో చూశారు కదా, ఆ ముక్క ఆయన దగ్గర పనిచేయదు. అందుకే నేనే ఒకటి కట్టాను.

పాత సైకిల్ ముందు చక్రం తీసుకున్నా. రిమ్ చుట్టూ 8 చోట్ల మడత పడే చిన్న చేతులు, ఒక్కో చేతి చివర కొన్ని నట్లు. ఐడియా ఏంటంటే, కుడివైపు దిగేటప్పుడు చేతులు బయటికి చాచుకుంటాయి. ఎడమవైపు ఎక్కేటప్పుడు లోపలికి ముడుచుకుంటాయి. స్కూల్లో సీ-సా ఆడినవాళ్ళకి తెలుసు, చివర కూర్చున్నవాడిదే బలం. కాబట్టి కుడివైపే ఎప్పుడూ గెలవాలి, చక్రం తిరుగుతూనే ఉండాలి. వినడానికి ఎంత బాగుందో!

వదిలేశా. ఉయ్యాలలా అటూ ఇటూ ఊగింది, ఆగింది. ఆగాక బరువులు లెక్కపెట్టా. కుడివైపు దూరంగా 3, ఎడమవైపు దగ్గరగా 5. దూరంలో గెలిచింది కాస్తా లెక్కలో ఓడిపోయింది. మోసం ఇక్కడే ఉంది. మన కళ్ళు చాచిన చేతుల్ని చూస్తాయి, అవతలివైపు ఎన్ని ఉన్నాయో చూడవు.

సరే, ముందు కొంచెం తోసి చూద్దాం అనుకున్నా. చేత్తో తోస్తే ఒక్కోసారి ఒక్కో బలం పడుతుంది. అందుకే ఇరుసుకి దారం చుట్టి, కిలో తూకం రాయిని ఒక మీటరు కిందికి పడనిచ్చా. అంటే ప్రతిసారీ ఒకే తోపు. చేతుల్ని టేపుతో రిమ్‌కి అంటించేసి తిప్పితే దాదాపు 2 నిమిషాలు తిరిగింది. టేపు తీసేసి, చేతులు వదిలేస్తే ఒకటింబావు నిమిషమే! ఎందుకంటే, స్పీడ్‌గా ఉన్నప్పుడు బరువులన్నీ బయటికే విసిరినట్టు ఉండిపోయాయి, మడవడమే లేదు. సెకనుకి ఒక చుట్టు కంటే తగ్గగానే టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలైంది, నాలుగైదు చుట్లలో ఖతం. ఆ టక్ టక్ ఊరికే రాదు. చక్రంలో ఉన్న ఎనర్జీనే తింటూ వస్తుంది.

ఇప్పుడు మిల్లు లెక్క. కిలో బరువు ఒక మీటరు పడితే వచ్చేది 9.8 జౌల్స్. మిల్లు మోటార్ 5 హెచ్‌పీ అనుకుందాం, అంటే సెకనుకి సుమారు 3,730 జౌల్స్. ప్రతి సెకనూ 380 కిలోలు ఒక మీటరు పడాలి. పడ్డదాన్ని మళ్ళీ పైకి ఎక్కించాలంటే కనీసం అంతే ఖర్చు, పైన రాపిడి అదనం. మరి మిల్లుకి మిగిలేదేంటి?

"అన్నా, నాగార్జునసాగర్‌లో కరెంటు గ్రావిటీతోనే కదా వచ్చేది?" అని అడుగుతారు, నాకు తెలుసు. నిజమే. కానీ ఆ నీళ్ళని పైకి మోసింది ఎవరు? ఎండ. సముద్రంలో ఆవిరైన నీళ్ళే వానగా కురిశాయి. బాబాయి గారి చక్రానికి ఆ ఎండ లేదు.

ఈ ఆశ ఇప్పటిది కాదు. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలోనే భాస్కరాచార్యుడు, బోలు ఆకుల్లో పాదరసం పోసిన చక్రం గురించి రాశాడు. జర్మనీలో బెస్లర్ అనే ఆయన 1717లో ఒక కోట గదిలో పెద్ద చక్రం తిప్పి పెట్టాడు. గదికి సీలు వేశారు. దాదాపు 2 నెలల తర్వాత తెరిస్తే ఇంకా తిరుగుతోంది! కానీ లోపల ఏముందో డబ్బు ఇచ్చాకే చూపిస్తానన్నాడు. 1721లో ఒక సైంటిస్ట్ ఇరుసు పరీక్షించగానే, బెస్లర్ తన చక్రాన్ని తానే పగలగొట్టుకున్నాడు. తర్వాత 1727లో వాళ్ళింటి పనిమనిషి, పక్క గదిలోంచి తామే తిప్పేవాళ్ళమని చెప్పింది.

డబ్బు ముందు, లోపల చూపించడం తర్వాత. 300 ఏళ్ళైనా రూలు మారలేదు చూశారా?

తమ్ముడూ, బాబాయి గారితో వాదించకు. "ఫిజిక్స్ తెలీదు మీకు" అని అస్సలు అనకు. బిల్లు భారం నిజం, ఆశపడటంలో తప్పు లేదు. ఆ అమ్మేవాడిని మూడే అడగమను. ఒకటి, కవర్లన్నీ విప్పి చూపించాలి. రెండు, మనం చెప్పిన చోట, బ్యాటరీ, వైరు ఏమీ లేకుండా పెట్టాలి. మూడు, ఖాళీగా తిరిగితే చాలదు, మన మిల్లు మోటార్‌ని వారం రోజులు నడపాలి. డబ్బు ఆ తర్వాతే. ఒప్పుకోకపోతే జవాబు దొరికినట్టే. "పేటెంట్ ఉంది" అంటే నంబర్ అడగండి. ప్రకృతి నియమాలకి స్పష్టంగా విరుద్ధమైన వాటికి మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఏ) ప్రకారం పేటెంటే ఇవ్వరు.

మిగతావాళ్ళు మాత్రం చక్రం కట్టండి, ప్లీజ్. ఒక పాత సైకిల్ చక్రం, కొన్ని నట్లు చాలు. ఆగిపోయినప్పుడు బరువులు లెక్కపెట్టండి. బీటెక్‌లో నాకు ఎక్కని చాప్టర్ ఆ టక్ టక్‌లో ఎక్కింది.

తమ్ముడూ, ఏమైందో మెసేజ్ పెట్టు. ఉంటా మరి, బై.