నొక్కితే మూగబోయిన ఓవర్‌డ్రైవ్ పెడల్

మనుబోలు నుంచి మళ్ళీ నేనే. రేపు పొద్దున చర్చిలో వాయించాలి. నేను చేసుకున్న ట్యూబ్ స్క్రీమర్ టైపు పెడల్ నొక్కితే సౌండే లేదు! బైపాస్‌లో గిటార్ బానే పలుకుతోంది, అంటే జాక్‌లు, కేబుళ్ళు ఓకే.

ముందు 4558 చిప్‌ని తిట్టుకుని మార్చేశా. దండగ. మీటర్ పెట్టాకే తెలిసింది. 8వ కాలు దగ్గర 9 వోల్టులు, 4వ కాలు సున్నా, కరెక్టే. 1, 7 కాళ్ళ దగ్గర మాత్రం సగం, అంటే 4.5 ఉండాలి గదా, నాకు 8 పైనే చూపిస్తోంది.

ఆ సగం వోల్టేజీని ఇచ్చేది రెండు 10కె రెసిస్టర్లు. గ్రౌండ్ వైపు దాన్ని వేలితో కదిపితే ఊగింది. డ్రై సోల్డర్! గ్రౌండ్ తెగిపోయి సగం కాస్తా 9 వైపు ఎక్కేసింది. ఇంక సిగ్నల్ పైకీ కిందకీ ఆడటానికి చోటేదీ?

మళ్ళీ వేడి చేసి అతికించా. ఇప్పుడు 4.4. ఇదిగో, వినండి.