అయాచిత లేఖలు: పంపు దండు, ఆపు జల్లెడ

కాచిగూడ, నారాయణగూడలు దాటి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగరు చేరినచో, ఉద్యోగ పరీక్షలకు చదువుచున్న యువతీయువకులు వీధివీధిని కనుపింతురు. దరఖాస్తు అందినదను కబురును, ఇంటర్వ్యూ పిలుపును వారికి నేడు ఈమెయిలుగా వచ్చుచుండును. “ఉద్యోగము సిద్ధము, రుసుము కట్టుడు” అను బూటకపు లేఖయు ఆ పెట్టెకే వచ్చును. ఇట్టి లేఖలను పంపునదెవరు, ఆపునదేది అను విషయమును శ్రోతలకు మనవి చేయుదుము.

ఒక్క పెట్టున అనేకులకు పంపు అయాచిత లేఖను స్పామ్ అందురు. 1978లో అమెరికాలోని ఒక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి కొన్ని వందల మందికి పంపిన ప్రకటనను ఇందు మొదటిదిగా చెప్పుదురు. నాడు పంపినవాడు తన పేరుతోనే పంపెను. నేటి స్పామ్ వ్యాపారి కానరాడు. ఇతరుల కంప్యూటర్లచేత పంపించును.

అదెట్లన, తెలియక తెరచిన ఫైలుతోనో, దొంగ సాఫ్ట్‌వేరుతోనో ఒక చిన్న ప్రోగ్రాము మన యంత్రమున చొరబడి, దూరమున నున్న వాని ఆజ్ఞకై కాచుకొనును. ఇట్లు లొంగిన వేల, లక్షల యంత్రముల దండే బాట్‌నెట్. చిరునామాల పట్టికయు, లేఖ నమూనాయు అందగనే ప్రతి యంత్రమును కొన్ని కొన్ని లేఖలు పంపును. కనుక ఒక్క యంత్రమును అడ్డినంతమాత్రమున వరద ఆగదు. 2008 నవంబరులో, పలు బాట్‌నెట్లకు ఆజ్ఞలిచ్చు యంత్రములకు ఆశ్రయమిచ్చిన మెక్‌కొలో అను అమెరికా సంస్థకు ఇంటర్నెట్టు తెంపివేయగా, ప్రపంచమందలి స్పామ్ సగమునకు పైగా తగ్గెను; కొన్ని నెలలకే మరల పెరిగెను.

ఇక జల్లెడ మాట. మొదట, పంపిన యంత్రము చెడ్డవాని పట్టికలో నున్నదా యని చూతురు. పిదప, సంస్థ పేరుతో వచ్చిన లేఖ ఆ సంస్థ అనుమతించిన యంత్రమునుండియే వచ్చినదా, దాని సంకేతముద్ర చెడకున్నదా యని పరీక్షింతురు. తుదకు మాటలను తూతురు. ఆంగ్ల మతాచార్యుడు థామస్ బేయస్ సంభావ్యతపై వ్రాసిన వ్యాసము, ఆయన మరణానంతరము 1763లో వెలువడెను. ఆ గణితమే 1998 నాటికి స్పామ్ ఏరివేతకు అక్కరకు వచ్చినది. “రుసుము”, “వెంటనే” వంటి మాటలు స్పామ్‌లో ఎంత తరచు, మంచి లేఖలలో ఎంత తరచు వచ్చునో లెక్కించి, అన్నింటిని కలిపి తీర్పు చెప్పుదురు. కళాశాల లేఖలోను “రుసుము” ఉండును గనుక ఒక్క మాటతో తీర్పు జరుగదు.

అయినను ఇది సంభావ్యతయే కాని సత్యము కాదు. చెడ్డ లేఖ లోనికి వచ్చిన, తెలిసినవానికి చిరాకుతో పోవును. మంచి లేఖ ఆగిపోయిన, ఒక అభ్యర్థికి ఏడాది శ్రమ వృథా కావచ్చును. అందుచేతనే జల్లెడ కన్నులను మరీ సన్నము చేయరు. పిలుపునకై ఎదురుచూచువారు స్పామ్ పెట్టెను సైతము దినమున కొకసారి చూడవలెను. లోనికి వచ్చినంతమాత్రమున ఏ లేఖను నమ్మి డబ్బు కట్టరాదు.

మన యంత్రమే ఆ దండులో చేరినచో? 2017 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము, బాట్ ప్రోగ్రాములను తొలగించు సాధనములను ఉచితముగ ఇచ్చుచున్నది. మన ఇంట ఒక కంప్యూటరును శుభ్రపరచినచో, ఎవరో అభ్యర్థి పెట్టెకు చేరవలసిన కొన్ని బూటకపు లేఖలు బయలుదేరకుండనే ఆగిపోవును.