తన కంఠముతో పాడిన నటి

మా సోమల ప్రాంతపు పెద్దలు ఒక ముచ్చట చెప్పుచుండెడివారు. పూర్వము కొత్త చిత్రము చూడవలెనన్నచో పుంగనూరికో మదనపల్లెకో బండి కట్టవలసినదే. ఆట ముగియునప్పటికి నడిరేయి. ఎడ్లు దారి తామే చూచుకొనుచుండగా, బండిలోనివారు విని వచ్చిన పాటలను కూనిరాగము తీయుచు ఊరు చేరెడివారట. బొమ్మ నాలుగు దినములకు మసకబారెడిది. పాట మాత్రము, రేడియో పుణ్యమా అని, ఇంటనే నిలిచిపోయెడిది. ‘మల్లీశ్వరి’ పాట వచ్చినపుడు ఇంటి పెద్ద ఒకరు కన్నులు మూసికొని, “భానుమతి పాడతా వుంటే ఇంక బొమ్మ దేనికిరా?” అనుట మేము బాల్యమున వింటిమి.

ఆ మాటలోని సత్యము రేడియోలో పనిచేయ మొదలిడిన తరువాత గాని మాకు బోధపడలేదు. చిత్రగీతమును ప్రకటించునపుడు గాయకుల పేరు చెప్పుట మా విధి. తెరపై కనబడినవారు ఒకరు, తెర వెనుక పాడినవారు వేరొకరు. శ్రోత మనసులో ఆ రెండు పేర్లు జంటగా మెదలుచుండును. శ్రీమతి పాలువాయి భానుమతిగారి పాటకు మాత్రము ఆ చిక్కు లేదు. కనబడినవారును, వినబడినవారును ఆమెయే.

ఆమె 1925 సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు సమీపమునందలి దొడ్డవరమున జన్మించిరి. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతజ్ఞులు. తొలి పాఠములు ఆయన యొద్దనే. 1939లో సి. పుల్లయ్యగారి దర్శకత్వమున వచ్చిన ‘వరవిక్రయము’ ఆమె తొలి చిత్రము. వరకట్నమునకు బలియైన కాళింది పాత్ర ధరించునప్పటికి ఆమె పదునాలుగేండ్లైన నిండని బాలిక. ఆ దినములలో నటించువారే పాడవలెను. పాట రానివారికి టాకీలలో నాయికాస్థానము దుర్లభము. 1940 తరువాతి సంవత్సరములలో నేపథ్యగానము ప్రబలమై, నటన ఒకరిది, గానము వేరొకరిది అగుట క్రమముగా ఆచారమైనది. ఆ ఆచారమునకు లోబడక నిలిచినవారిలో భానుమతిగారు ముఖ్యులు.

1945లో మన రాయలసీమ బిడ్డయగు బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థ పక్షమున ‘స్వర్గసీమ’ను నిర్మించిరి. చిత్తూరు పేరును తన పేరుతో కలుపుకొన్న నాగయ్యగారు అందు నాయకులు. వీధులలో ఆడి పాడు సుబ్బి, రంగస్థలమున సుజాతాదేవియై, ఒక గృహస్థును ఇల్లాలికి దూరము చేయు కథ అది. అందలి పావురము పాట ఆంధ్రదేశమంతట మారుమ్రోగినది. ఆ పాట రూపకల్పనలో మా రేడియో కుటుంబపు పెద్దలు బాలాంత్రపు రజనీకాంతరావుగారి చేయి యున్నదని చెప్పుట మాకు గర్వకారణము.

ఆ పాటకు హాలీవుడ్‌తో ఒక బంధుత్వమున్నది. 1941లో అమెరికాలో ‘బ్లడ్ అండ్ శాండ్’ అను చిత్రము వచ్చినది. ఎద్దులతో పోరు సలుపు ఒక స్పానిష్ యోధుని కథ. అందు రీటా హేవర్త్ అను సుందరి నాయకుని మురిపించుచు ఒక పాట పాడును. అందలి కూనిరాగము తమను ఆకర్షించినదనియు, దాని ఛాయ పావురము పాటలో ప్రవేశించినదనియు భానుమతిగారే చెప్పియున్నారు.

చిత్రమేమనగా, ఆ పాట పాడినది రీటా హేవర్త్ కాదు; వేరొక గాయని. 1946లో ఆమెకు విశ్వఖ్యాతి తెచ్చిన ‘గిల్డా’ చిత్రములోని పాటలకు కూడ గొంతు నిచ్చినది అనిటా ఎల్లిస్. రీటా గొప్ప నర్తకి. పెదవులు కదలించుటలోను నేర్పరి. ఆమె కంఠముగా లోకము వలచిన కంఠము మాత్రము పరులది. ఎరువు గొంతు నుండి వెడలిన ఒక కూనిరాగము సముద్రములు దాటి వచ్చి, మదరాసులో సొంత గొంతున నిలువ నీడ సంపాదించినది!

ఇందువలన నేపథ్యగానము తక్కువదని మా అభిప్రాయము కాదు. ఘంటసాల, లీల, సుశీలగారల గానము లేనిచో తెలుగు చిత్రము ఎంత బీదదై యుండెడిదో మనకు తెలియును. 1951 నాటి ‘మల్లీశ్వరి’లో రామారావుగారికి ఘంటసాలగారు గళమిచ్చిరి. 1954 నాటి ‘విప్రనారాయణ’లో నాగేశ్వరరావుగారికి ఎ. ఎం. రాజాగారు పాడిరి. ఆ యుగళగీతములను మరల శ్రద్ధగా వినుడు. మాట ఎచ్చట ఆగినదో, పాట ఎచ్చట మొదలైనదో భానుమతిగారి విషయమున గుర్తింపజాలము. అలుక, పరిహాసము, బెదురు అన్నియు మాటలో నుండి పాటలోనికి అట్లే నడచిపోవును.

తన గొంతుపై అధికారము కోరినవారు తన పనిపై అధికారము కోరకుందురా? భర్త పి. ఎస్. రామకృష్ణారావుగారితో కలిసి, కుమారుని పేర భరణీ సంస్థను స్థాపించి, ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’ వంటి చిత్రములను నిర్మించిరి. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింట తామే దర్శకత్వము వహించి, తామే ద్విపాత్రాభినయము చేసి అందించిరి. దర్శకుని పీఠమున స్త్రీ కూర్చుండుట వింతయైన కాలమది.

ఈ స్వాతంత్ర్యమునకు ఆమె మూల్యము చెల్లింపకపోలేదు. 1955లో విడుదలైన ‘మిస్సమ్మ’లో నాయిక మొదట ఆమెయే. కొంత భాగము చిత్రీకరణమైన పిమ్మట నిర్మాత చక్రపాణిగారితో అభిప్రాయభేదము కలిగినది. ఆమె తల వంచలేదు, పాత్ర చేజారినది. సావిత్రిగారు ఆ పాత్ర ధరించి అఖండకీర్తి గాంచిరి. ఆమె పాటలు పి. లీలగారు పాడిరి. మనకు ఒక మహానటి లభించినది, నిజమే. కాని మిస్సమ్మ పాటలు ప్రకటించునపుడెల్ల, వినబడక పోయిన మూడవ కంఠమొకటి మా చెవిలో మెదలుచుండును.

మరియొక విశేషము. తెరవెనుక పాడు గొంతును మార్చుకొనుచు పోయినచో నాయిక పాటకు ముదిమి రాదు. భానుమతిగారి గొంతు మాత్రము ఆమె ముఖముతో పాటే పెరిగినది, పండినది. 1939లో బాలికగా వినబడిన కంఠమే 1984లో ‘మంగమ్మగారి మనవడు’లో నాయనమ్మగా వినబడినది. దాపరికము లేని ఆ నలుబదియైదేండ్ల ప్రయాణమును మనము చెవులతో కొలువగలము. ‘అత్తగారి కథలు’ చదివినవారు ఆమె హాస్యములోను ఆ పలుకుబడినే గుర్తింతురు.

1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ బిరుదములు ఆమెను వరించినవి. 2005 డిసెంబరు 24వ తేదీన చెన్నైలో ఆమె కన్ను మూసిరి. మీ ఇంట రేడియోలో ఆమె పాట వచ్చినపుడు, సోమలలోని ఆ పెద్దవలెనే ఒక్కసారి కన్నులు మూసికొని వినుడు. నటి ఎవరు, గాయని ఎవరు అని మేము వేరువేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క పేరు చెప్పిన చాలును.