ఐదు రోజుల ఆయుష్షు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవం గుర్తుగా రక్తదాన శిబిరం పెట్టాలని మన సంఘం తీర్మానించింది. రక్తనిధిలో పనిచేసేవాడిగా సంతోషిస్తున్నాను. దానితోపాటు ఇంకొక పని కూడా చేయమని అడగడానికే ఈ నాలుగు మాటలు.

శిబిరంలో సేకరించిన రక్తంలోని ఎర్రకణాలు ఫ్రిజ్‌లో ఐదారు వారాలు నిలవుంటాయి. ప్లేట్‌లెట్లు అలా కాదు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, నిరంతరం ఊపుతూ ఉంచినా వాటి ఆయుష్షు ఐదు రోజులే. కీమోథెరపీ తీసుకుంటున్న లుకేమియా రోగికి అవి మళ్లీ మళ్లీ కావలసి రావచ్చు. ఒక్కరోజు శిబిరం ఆ అవసరం తీర్చలేదు. పిలిస్తే వచ్చే మనుషులు కావాలి.

అఫెరిసిస్ యంత్రం మీ రక్తం నుంచి ప్లేట్‌లెట్లను వేరుచేసి, మిగతాది తిరిగి మీ ఒంట్లోకే పంపుతుంది. గంట, గంటన్నర పడుతుంది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కొందరికి పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. భయపడకండి, దాచుకోకండి, వెంటనే చెబితే యంత్రం వేగం తగ్గిస్తారు, కాల్షియం ఇస్తారు. తగ్గిన ప్లేట్‌లెట్లు కొద్ది రోజుల్లోనే మళ్లీ తయారవుతాయి.

ఇచ్చేవారి వయసు 18 నుంచి 60, బరువు 50 కిలోలకు పైన ఉండాలి. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గకూడదు. ఖాళీ కడుపుతో రాకూడదు. మూడు రోజుల ముందు నుంచి ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. అయితే గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను దానం కోసం మానకండి. అలాంటివారు దాతలను కూడగట్టండి, అదీ దానమే. రెండు దానాల మధ్య కనీసం 48 గంటలు ఉండాలి. వారానికి రెండుసార్లు, ఏడాదికి 24 సార్లు మించకూడదు.

వానాకాలం వస్తే మన వాట్సాప్ గ్రూపులో డెంగీ కబుర్లే. కౌంట్ తగ్గిన ప్రతివారికీ ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదు. రక్తస్రావం లేకపోతే సాధారణంగా 10 వేల లోపుకు పడిపోయినప్పుడే ఆలోచిస్తారు. ఆ నిర్ణయం డాక్టరుకు వదలండి.

డబ్బుకు రక్తమిచ్చే పద్ధతి సుప్రీంకోర్టు తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి రద్దయింది. రోగి బంధువులు ఇవ్వబోయినా తీసుకోకండి.

నా కోరిక ఒక్కటే. బ్యాచ్‌కు ఇద్దరు పేరిచ్చినా యాభై బ్యాచ్‌లకు వందమంది అవుతారు. పేరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు రాసే పుస్తకం కార్యదర్శి గారి దగ్గర ఉంది. భోజనాలకు లేచేముందు ఒకసారి అటు వెళ్లండి.

సెలవు.