సలహాదారుని లాభము

సంబంధమెట్టిదని పెండ్లిండ్ల పేరయ్య నడిగినచో లోపము లేవియు చెప్పడు. పెండ్లి కుదిరినప్పుడే గదా అతనికి సంభావన ముట్టును! ఈ లోకరీతి మనమందఱ మెఱిగినదే. అయినను పన్ను తగ్గునన్న ఆశ పుట్టగానే దీనిని మఱచిపోవుదుము. మన తెలుగు బిడ్డ లెందఱో స్థిరపడిన అమెరికాలో నడచిన వ్యాజ్య మొకటి యిందుకు నిదర్శనము.

న్యూజెర్సీలో కొందఱు వైద్యులు తమ సంస్థలచేత ఉద్యోగుల సంక్షేమ నిధులకు పెద్ద మొత్తములు కట్టించి, అదంతయు సంస్థ ఖర్చని పన్ను లెక్కలలో చూపిరి. ఆ సొమ్ముతో నిధులు కొన్నవి జీవిత బీమా పత్రములు. బీమా రక్షణకు కావలసినదాని కంటె మిక్కిలి అధికముగా చెల్లించి, ఆ అధికము తరువాత తమకే దక్కునట్లు ఏర్పాటు చేసికొనిరి. 2000 సంవత్సరమున అచ్చటి పన్నుల న్యాయస్థానము ఈ అధికపు సొమ్ము ఖర్చు కాదనియు, యజమానులకు పంచిన లాభమే యనియు తీర్పు చెప్పినది. తక్కువపడిన పన్నుపై నూటికి 20 వంతున జరిమానాయు విధించినది. 2002లో పై న్యాయస్థానము ఆ తీర్పును స్థిరపఱచినది.

తెలిసినవారు చెప్పగా చేసితిమని వైద్యులు మొఱపెట్టుకొనిరి. నిపుణుని నమ్ముట తప్పు కాదు. అమెరికా చట్టము దానిని మన్నించును. అయితే న్యాయస్థానము మూడు సంగతులు విచారించును. చెప్పినవాడు ఆ విషయమున సమర్థుడా? అతనికి వివరము లన్నియు ఉన్నవున్నట్లు తెలిపితిరా? అతని మాటను చిత్తశుద్ధితో నమ్మితిరా? ఆ వైద్యులు ఆధారపడినది బీమా అమ్మినవారి మాటపై. వారు పన్నుల చట్టమున నిపుణులు కారు. అమ్మకమువలన లాభము పొందువారు.

2004లో చట్టము మఱింత బిగిసినది. ప్రభుత్వమునకు తప్పక తెలుపవలసిన లావాదేవీలని కొన్నిటిని ఏర్పఱచిరి. వాటిని అమ్ముటలో పాల్గొన్నవాని అభిప్రాయము గాని, పన్ను తగ్గింపు నిలిచినచో రుసుము పుచ్చుకొనువాని అభిప్రాయము గాని జరిమానాకు అడ్డుగా నిలువదు. లావాదేవీని తెలుపక దాచినచో జరిమానా నూటికి 30 వంతులు.

కావున దూరదేశమున నున్న మనవారికి మేము చెప్పునది యొక్కటే. పథకము నచ్చినను, అందులో ఏ పాలును లేని పన్నుల నిపుణునికి వేరుగా రుసుమిచ్చి, పత్రము లన్నియు చూపి, అభిప్రాయమును వ్రాతమూలకముగా తీసికొనవలెను. ఆ రుసుము దండుగ కాదు. అమ్మినవానికి ప్రతిఫలము అమ్మిననాడే ముట్టును. జరిమానా తాఖీదు ఏండ్ల తరువాత, సంతకము చేసినవాని యింటికి వచ్చును.