బిడ్డను మోసేది ఎవరు?

(శ్రీసిటీ పరిసర గ్రామాల మహిళల సమావేశంలో ఒక కార్మికురాలు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు ఇచ్చే అలవాటు లేదు. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో లైన్‌లో నిలబడి పనిచేసే మనిషిని. హక్కుల గురించి మాట్లాడమంటే, చట్టాలు చదివినవాళ్ళు మాట్లాడాలి గదా అన్నాను. "నీ బిడ్డను పార్కుకు తీసుకుపోయిన సంగతి చెప్పు, చాలు" అన్నారు. అందుకని ఆ సంగతి, దాని కోసం ఒక బండి వెతుక్కున్న సంగతి చెబుతాను. బండి కొనడంలో హక్కు ఏముందని మీకు అనిపించవచ్చు. మొదట నాకూ అలాగే అనిపించింది.

మా పాపకు ఎనిమిదేళ్ళు. సెరెబ్రల్ పాల్సీ. కాళ్ళు బిగుసుకుపోయి కత్తెరలాగా ఒకదానిమీద ఒకటి పడతాయి. నడుము నిలవదు. మాట స్పష్టంగా రాదుగాని అన్నీ అర్థమవుతాయి. రెండేళ్ళ కింద సంక్రాంతి సెలవుల్లో మా లైన్‌లో పనిచేసే ఆడవాళ్ళం కుటుంబాలతో సహా వ్యాను మాట్లాడుకుని, చెన్నై అవతల ఉన్న ఒక పెద్ద వినోద పార్కుకు పోవాలనుకున్నాం. "ఆ బిడ్డను ఎండలో ఎక్కడ తిప్పుతావు? నా దగ్గర వదిలిపో" అంది మా అత్త. ప్రేమతోనే అంది. కాని ఆ మాట విని పాప మొహం గోడవైపు తిప్పుకుంది. తీసుకుపోవాలని నేను అప్పుడే నిర్ణయించుకున్నాను.

పక్కింటివాళ్ళ చంటిబిడ్డ స్ట్రోలర్ అడిగి తెచ్చుకున్నాం. గొడుగు మడిచినట్టు మడిచే రకం. అలాంటివి మామూలుగా పదిహేను కిలోల వరకే పనికొస్తాయని అప్పుడు నాకు తెలియదు. మా పాప పదిహేడు కిలోలు. గంటలోపలే గుడ్డ సీటు ఊయలలాగా కుంగిపోయింది. బిడ్డ ముందుకు జారింది, వీపు గూని అయింది, కాళ్ళు మెలిపడి పాదం నేలకు రాసుకుపోయింది. కంకర దారిలో ముందు చక్రాలు కూరుకుపోయాయి. ఇక గేటు దగ్గర మనిషి "ఇంత పెద్దపిల్లకు పిల్లల బండి ఏమిటమ్మా? క్యూలోకి బండి రాదు, ఎత్తుకోండి" అన్నాడు. ఎత్తుకున్నాను. పిల్లల రైలు ఎక్కడానికి ఐదు మెట్లు. అవీ ఎత్తుకునే ఎక్కాను. సాయంత్రం దాకా బిడ్డ నా చంకలోనే ఉంది. మా ఆయన మంచివాడే, కొంతసేపు తీసుకున్నాడు. కాని బిడ్డ ఏడిస్తే అందరూ చూసింది నావైపే. మూడు రోజులు నడుము పట్టేసి డ్యూటీకి పోలేకపోయాను. ఆ మూడు రోజుల జీతం పోయింది.

పాప మాత్రం ఇంటికి వచ్చాక వారం రోజులు రైలు కూత కూసింది.

ఆమెకు వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గర ఇదంతా చెప్పుకున్నాను. ఆమె చెప్పినవి మీలో అవసరమున్నవాళ్ళ కోసం చెబుతాను.

మొదటి ప్రశ్న బండిది కాదు, బిడ్డది. చేతుల్లో బలముండి తానే చక్రం తిప్పుకోగలిగితే స్ట్రోలర్ వద్దు, చక్రాల కుర్చీ ఇప్పించండి. స్ట్రోలర్‌లో కూర్చున్న బిడ్డ ఎటు పోవాలన్నా తోసేవాళ్ళ ఇష్టమే. కుర్చీ అయితే బిడ్డ తనకు నచ్చినవైపు తిరుగుతుంది. మా పాపకు చేతుల్లో పట్టు లేదు కాబట్టి, ఇలాంటి పిల్లల కోసమే చేసిన పెద్ద స్ట్రోలర్ చూసుకున్నాం.

రెండోది కొలత. బిడ్డను కూర్చోబెట్టి తుంటి వెడల్పు, వెనక నుంచి మోకాలి మడత దాకా, మోకాలి నుంచి మడమ దాకా కొలవాలి. గౌను కొన్నట్టు "పెరుగుతుందిలే" అని పెద్దది కొనకూడదు. వదులు సీటులో బిడ్డ ఒక పక్కకు ఒరిగి వెన్ను వంకర పోతుంది. పెరిగేకొద్దీ సీటు లోతు, కాలిపలక సర్దుకునే రకం దొరికితే మేలు.

మూడోది సీటు. కింద, వెనక గట్టిగా ఉండాలి. తుంటిని పట్టి ఉంచే బెల్టు, భుజాల బెల్టు రెండూ ఉండాలి. ముందు తుంటి బెల్టు బిగించాలి. కాళ్ళు కత్తెర పడే పిల్లలకు మోకాళ్ళ మధ్య మెత్తటి అడ్డు కావాలి. పాదాలు ఆనడానికి పలక తప్పనిసరి. వీపు ఒక్కటే వెనక్కి వాలే రకంలో బిడ్డ జారిపోతుంది. సీటు మొత్తం ఒకేసారి వెనక్కి వంగే రకమైతే నడుము మడత మారదు, బిడ్డ అలసట తీర్చుకుంటుంది.

నాలుగోది చక్రాలు. పెద్దవైతే కంకరలో, ఇసుకలో నడుస్తాయి, కాని బరువు పెరుగుతుంది. బస్సులోకి ఎక్కించేది మీరే అయితే మడిచి ఒకసారి ఎత్తి చూసుకోండి. బ్రేకు వాలు మీద పరీక్షించండి. కొనేముందు బిడ్డను అరగంట కూర్చోబెట్టి చర్మం చూడండి. ఎర్రటి గుర్తులు పడి ఎంతకీ పోకపోతే అది మీ బిడ్డకు సరిపోనట్టే.

మా బండికి నా రెండు నెలల జీతం పైనే అయింది. సదరం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు 1981 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద ఉపకరణాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆదాయ పరిమితి ఉంటుంది. శిబిరంలో ఏది ఇస్తే అది తెచ్చుకోకండి. కొలత తీసి ఇమ్మని అడగండి.

మంచి బండితో ఈ సంవత్సరం మళ్ళీ అదే పార్కుకు పోయాం. బిడ్డ నిటారుగా కూర్చుని అన్నీ చూసింది. కాని ఆ ఐదు మెట్లు అలాగే ఉన్నాయి. అప్పుడు నాకు అర్థమైంది. బండి ఎంత మంచిదైనా మెట్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి మోసేది అమ్మ నడుమే. వాళ్ళు ర్యాంపు కట్టకుండా మిగుల్చుకునే డబ్బు మన వెన్నులోనుంచి, మన జీతంలోనుంచి పోతోంది. ఇంటిపని లెక్కకు రానట్టే ఈ మోతా ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

చట్టం ఏమంటోందో తెలుసుకున్నాను. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 30వ అధికరణంలో, వికలాంగ పిల్లలకు ఇతర పిల్లలతో సమానంగా ఆటలో, వినోదంలో పాల్గొనే అవకాశం ఉండాలని రాసి ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం సేవలందించేవాళ్ళు ప్రభుత్వమైనా ప్రైవేటు అయినా అందుబాటు నియమాలు పాటించాలి. ఆ నియమాలు సలహాల్లాగా ఉంటే చాలదని, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో చేయాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వికలాంగులనే మాట తీసి ప్రభుత్వం దివ్యాంగులంటోంది. పేరు మార్చినంత తేలిగ్గా మెట్లు మారడం లేదు.

కుదరదనేవాళ్ళకు చూపించడానికి ఉదాహరణలున్నాయి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో ఒక తండ్రి తన కూతురిని చూసి మొదలుపెట్టిన మోర్గాన్స్ వండర్‌లాండ్ 2010లో తెరిచారు. వికలాంగులకు అక్కడ టికెట్ లేదు. డిస్నీ పార్కుల్లో స్ట్రోలర్‌ను చక్రాల కుర్చీగా లెక్కించమని ఒక చీటీ కడతారు. ఆ చీటీ ఉంటే గేటు దగ్గర వాదన ఉండదు. అంత దూరం ఎందుకు, చెన్నై మెరీనాలో 2022 నవంబరులో నీళ్ళ దగ్గరదాకా చెక్క దారి వేశారు. ఇసుకలో వేయగలిగినవాళ్ళకు సిమెంటు నేలమీద ఐదు మెట్ల పక్కన వాలు కట్టడం కష్టమా? అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు వాలు చాలు.

అందుకని మనం చేయవలసింది చెబుతాను. పోయేముందు పార్కుకు ఫోను చేసి అడగండి: బండి క్యూలోకి రానిస్తారా, ఏ ఆటలు మెట్లు లేకుండా ఎక్కవచ్చు, పెద్ద పిల్లలకు గుడ్డలు మార్చే చోటు ఉందా. లేదంటే రాతపూర్వకంగా చెప్పమనండి. ఫ్యాక్టరీలు కుటుంబాలను విహారానికి తీసుకుపోయేటప్పుడు ఈ ప్రశ్నలు ముందే అడగమని యాజమాన్యాలను కోరదాం. జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసే హక్కు మనకుంది.

మా లైన్ ఆడవాళ్ళం నలభై ఒక్కమంది సంతకాలతో ఆ పార్కుకు ఉత్తరం రాశాం. అడిగింది మూడే: ఆ రైలు దగ్గర వాలు, క్యూలోకి బండి, గేటు దగ్గర మర్యాద. జవాబు ఇంకా రాలేదు. రెండో ఉత్తరం నా సంచిలో ఉంది. సభ అయ్యాక సంతకం పెట్టి పోండి. మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే కొలత టేపు కూడా తెచ్చాను, మాట్లాడుకుందాం.

సెలవు.