నూనె కలిపినవా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజినీరుగా నీ అనుభవాలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. ముప్పై ఏళ్లు పంపులు తయారుచేసే చోట పనిచేశాను. ఆ ముచ్చట్లు మొదలుపెడితే మీలో సగం మంది భోజనాల దిక్కు చూస్తారు. అందుకని ఒక బండి సంగతి చెప్తాను. ఆ బండి బయట చెట్టు కింద నిలబడి ఉంది. 1980ల్లో ఇక్కడ చదివినవాళ్లు వస్తూనే గుర్తుపట్టి ఉంటారు. మన సైన్స్ సారు యెజ్డీ.

ఒకటే సిలిండరు, రెండు సైలెన్సర్లు. ఆ చప్పుడు దూరంగా వినబడగానే మేం వరుసల్లో కూర్చునేవాళ్లం. కిక్కు కొట్టే రాడ్డే లోపలికి నొక్కి తిప్పితే గేరు రాడ్డయ్యేది. అది మాకు పెద్ద వింత. చెకోస్లోవేకియా వాళ్ల జావా బండిని 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేసింది. 1973 నుంచి యెజ్డీ పేరుతో వచ్చింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. బండ్లు మాత్రం మూతపడలేదు. ఇప్పటికీ ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ ప్రేమికులు ఊరూరా బండ్లు బయటికి తీస్తారు.

ఇక అసలు సంగతి. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు సారు నన్ను పిలిచి, ఐదు లీటర్ల డబ్బా, డబ్బులు చేతిలో పెట్టి, సైకిల్ మీద పెట్రోలు బంకుకు పంపారు. "లీటరుకు నలభై మిల్లీలీటర్ల లెక్క, మొత్తం రెండు వందలు టూటీ ఆయిల్ కలిపియ్యమని చెప్పు" అన్నారు. నేను పెట్రోలు పోయించుకున్నాను. నూనె డబ్బులతో మిరపకాయ బజ్జీలు తిని, గోలీసోడా తాగాను. ఆర్టీసీ బస్సులో డీజిల్ పోస్తుంటే ఎన్నోసార్లు చూశాను. అందులో ఎవరూ నూనె కలపలేదు. ఈ బండికి మాత్రం ఎందుకు అనుకున్నాను.

"నూనె కలిపినవా?" అని సారు అడిగారు.

"కలిపిన సార్" అన్నాను.

మర్నాడు కొండగట్టు దిక్కు పోతుంటే నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం గీసుకుంటూ ఆగిపోయిందట. సారు పడిపోలేదు, అది నా అదృష్టం. బండిని లారీలో వేసి కరీంనగర్ పంపించారు. నెల రోజులు బస్సులో వచ్చారు. రిపేరుకు ఎంతయిందో మాకు చెప్పలేదు. ఆ నెలంతా నేను రెండో బెంచీ నుంచి ఆఖరి బెంచీకి మారిపోయాను.

బండి బాగై వచ్చిన రోజు సారు క్లాసుకు ఒక కాగితపు పొట్లం తెచ్చారు. అందులో పాత పిస్టన్ ఉంది. ఒక పక్కంతా నిలువుగా గీతలు, అక్కడక్కడ కరిగి పూసినట్టున్న అల్యూమినియం. "వ్యాకోచం పాఠం పుస్తకంలో చదివిన్రు. ఇప్పుడు చేత్తో పట్టుకొని చూడున్రి" అని బెంచీ బెంచీకి అందించారు. వేడికి అల్యూమినియం పోత ఇనుముకంటే దాదాపు రెండింతలు పెరుగుతుంది. పిస్టన్‌కు, సిలిండరుకు మధ్య సందు వెంట్రుక మందం. నూనె పొర లేకపోతే రాపిడి, రాపిడికి వేడి, వేడికి పిస్టన్ ఉబ్బి గోడను పట్టుకుంటుంది. బస్సు ఇంజన్‌కు కింద నూనె తొట్టి వేరే ఉంటుంది. టూ స్ట్రోక్ బండికి అది లేదు. దాని పిస్టన్‌కు, బేరింగులకు పెట్రోలుతో వచ్చిన నూనె ఒక్కటే దిక్కు. బస్సుకు ఎందుకు కలపరో నాకు అప్పుడర్థమైంది. పిస్టన్ నా చేతికొచ్చినప్పుడు నేను తలెత్తలేదు.

ఇప్పుడు మన మండలంలోనే, నాచుపల్లిలో, ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అది 2007లో వచ్చింది. మా రోజుల్లో నేను చూసిన మొట్టమొదటి ఇంజన్ ముక్క ఆ పిస్టనే. మెకానికల్ ఎందుకు తీసుకున్నావని ఇంటర్వ్యూల్లో అడిగితే ఏదో చెప్పేవాణ్ని. నిజం ఇది.

రెండేళ్ల కింద సారును చూద్దామని ఇంటికి పోయాను. కొట్టంలో గోనె సంచుల కింద యెజ్డీ కనిపించింది. పద్దెనిమిదేళ్లుగా కదల్లేదట. పాత ఇనుముకు అమ్మేద్దామనుకుంటున్నారు. "నాకియ్యండి సార్, బాగుచేసి తెస్తా" అన్నాను. ఆ మాట అన్నాక ఇంకో మాట దాచుకోలేకపోయాను. బజ్జీల సంగతి చెప్పేశాను.

సారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "నూనె కలిపిన పెట్రోలు రంగు మారుతది. పోసేటప్పుడు చూడకుండ పోసుకున్నది నేనే కదా." అంతే. లోపలికి పోయి తాళంచెవి తెచ్చిచ్చారు.

కిక్కు రాడ్డు కిందికి దిగలేదు. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో డీజిలు, నూనె కలిపి పోసి వారం వదిలేస్తే పిస్టన్ కదిలింది. డైనమో ఆర్మేచరును సుత్తితో కొట్టకుండా బోల్టు బిగించి లాగాం. "మేం" అంటున్నాను, ఎందుకంటే కరీంనగర్‌లో ఒక ముసలి మెకానిక్ దొరికారు. అందరూ ఉస్తాద్ అంటారు. బడికి పోలేదు. యెజ్డీలు మాత్రం చిన్నప్పటి నుంచి విప్పుతున్నారు.

సిలిండరు ఎత్తి పిస్టన్ నెత్తి తుడిస్తే 0.50 అని అంకె కనిపించింది. అసలు బోరు 65 మిల్లీమీటర్లు. పాడైనప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున కోసి, పెద్ద పిస్టన్ వేస్తారు. అంటే ఈ సిలిండరును అప్పటికే రెండుసార్లు కోశారు. అందులో మొదటి పావు నాది. కోసిన ఇనుము మళ్లీ రాదు. ఆ అంకె చూస్తూ కాసేపు కూర్చుండిపోయాను. ఉస్తాద్ ఛాయ్ తెచ్చిచ్చారు, ఏమీ అడగలేదు.

కనెక్టింగ్ రాడ్డు కింది వైపు బేరింగులో పైకీ కిందికీ ఆట వచ్చింది. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, కొత్త పిన్ను, రోలర్లు, రాడ్డు వేసి, లేత్ సెంటర్ల మధ్య డయల్ గేజి పెట్టి సరిచేశాం. సిలిండరును మూడోసారి కోయించాం. పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకొచ్చేందుకు మూడు మిల్లీమీటర్లు ఉందనగా నిప్పురవ్వ పడాలి. పాయింట్లు విడిపోయే క్షణాన్ని ఉస్తాద్ సిగరెట్ పెట్టెలోని పలుచటి కాగితం మధ్యలో పెట్టి, అది జారడం బట్టి పట్టుకున్నారు.

నాలుగో కిక్కుకు బండి లేచింది. నా సంతోషం పది నిమిషాలే. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ తనంతట తాను స్పీడు అందుకుంటోంది, హెడ్డు వేడెక్కుతోంది. నేను కార్బొరేటర్ తప్పన్నాను, జెట్ మార్చాను. లెక్కలు కట్టి కాగితం మీద చూపించాను. ఉస్తాద్ చెవి దగ్గర పెట్టి విని, "గాలి తాగుతోంది, బంద్ చెయ్యండి సాబ్" అన్నారు. డైనమో వైపు క్రాంకు సీల్ విప్పి చూస్తే దాని పెదవి చిరిగి ఉంది. ఎక్కించేటప్పుడు షాఫ్టు అంచుకు గోటి తెగినంత చిరిగింది. ఎక్కించింది నేనే. టూ స్ట్రోక్‌లో పెట్రోలు మిశ్రమం ముందు క్రాంకు కేసులోకి వచ్చి అక్కడినుంచి పైకి పోతుంది. సీల్ దగ్గర గాలి చొరబడితే పెట్రోలు తగ్గుతుంది, దాంతోపాటు నూనే తగ్గుతుంది. ఇంకో ఐదు నిమిషాలు నడిపితే మళ్లీ పట్టేసేది. అదే బండి, అదే చేతులు.

అప్పుడు ఉస్తాద్‌కు కూడా చెప్పాను, సీల్ ఎక్కించేటప్పుడు ఏదో తగిలినట్టనిపించినా ఊరుకున్నానని. ఆయన నవ్వి, "చెప్తే ఒక సీల్ ఖర్చు సాబ్, చెప్పకుంటే ఇంజన్ ఖర్చు" అన్నారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను రాసిన రిపోర్టులన్నిటికంటే ఆ మాట పొట్టిది. పిల్లలూ, మీకు ఇవ్వడానికి నా దగ్గర ఇంతకంటే పెద్ద సలహా లేదు. తప్పు అందరూ చేస్తారు. వెంటనే చెప్పేస్తే సీల్‌తో పోతుంది. నేను చెప్పడానికి దాదాపు నలభై ఏళ్లు తీసుకున్నాను.

మొదటి ఐదు వందల కిలోమీటర్లు నలభై స్పీడు దాటకుండా, లీటరుకు యాభై మిల్లీలీటర్ల నూనె పోసి నడిపాను. పోయిన నెల బండిని సారు ఇంటి ముందు ఆపాను. ఎనభై దాటిన మనిషి, మెల్లగా మెట్లు దిగి వచ్చారు. కిక్కు కొడతారేమో, హ్యాండిల్ పట్టుకుంటారేమో అనుకున్నాను. ఆయన ముందుగా ట్యాంకు మూత తీశారు. వంగి లోపలికి చూశారు. వాసన చూశారు.

"కలిపినవ్" అన్నారు.

సారు ఇవాళ ముందు వరుసలోనే ఉన్నారు. ఈసారి బండిలోంచి తీసిన 0.50 పిస్టన్‌ను మన బడి సైన్స్ ల్యాబుకు ఇస్తున్నాను. వ్యాకోచం పాఠం వచ్చినప్పుడు బెంచీ బెంచీకి తిప్పండి.

 భోజనాలయ్యాక ఎవరికైనా కిక్కు కొట్టాలనుంటే చెట్టు కిందికి రండి. ముందు ట్యాంకు మూత తీసి చూడాలి, అదొక్కటే షరతు.